రాగం తెలియని టేపు మెకానిక్‌ని, మీ దగ్గరున్న మంచి రికార్డింగులు చెప్పండి (ఒక గొంతు ఎవరిదో కూడా చెప్పాలి)

క్లాక్‌టవర్ మెకానిక్, నల్లగొండ

అందరికీ నమస్కారం. నాకు సంగీతం రాదు. స్వరాలెన్ని అంటే ఏడు అని చెప్తాను, అంతే. నల్లగొండలో క్లాక్ టవర్ వెనక సందులో నాది రిపేరు షాపు. 1987 నుంచి అదే మడిగె. ఇప్పుడు మిక్సీలు, ఇండక్షన్ స్టవ్‌లు, ఎల్‌ఈడీ టీవీలు. ఒకప్పుడు మాత్రం రోజుకు పది పన్నెండు టూ ఇన్ వన్‌లు (రేడియో, టేపు రికార్డరు కలిసినవి) విప్పేవాణ్ణి. కోఠి గుజరాతీ గల్లీకి పోయి బెల్టులు డజన్ల లెక్కన తెచ్చుకునేవాణ్ణి.

టేపు రికార్డరు బాగుచేశాక పెట్టి చూడాలి కదా. అందరూ సినిమా పాట పెట్టేవాళ్ళు, నాకు పని నేర్పిన ఆయన కూడా అంతే. కానీ ఆ డ్రమ్ములు, కోరస్‌ల హోరు కింద బెల్టు తప్పు దాక్కుంటుంది. కస్టమరు సంతోషంగా తీసుకుపోతాడు. మూడో రోజు వచ్చి "ఏం జేసినవు సారూ, పాట ఏడ్సినట్టు వస్తున్నది" అంటాడు. అట్లా నేను చాలాసార్లు మాటపడ్డాను.

1990 ప్రాంతంలో ఒకాయన మజూరీ కింద పదిహేను రూపాయలు ఇవ్వాల్సి ఉంటే పది ఇచ్చి, మిగతా అయిదుకు ఒక కాసెట్ ఇచ్చాడు. రేడియోలో వచ్చిన కచేరీ ఎక్కించుకున్నది. అట్ట మీద "బాలమురళి" అని మాత్రం రాసి ఉంది. ఖాళీ కాసెట్‌గా వాడుకుందామని తీసుకున్నాను. చెరిపే ముందు ఒకసారి పెట్టాను. తంబూర మోగుతోంది. దాని మీద ఆయన గొంతు, మాటల్లేవు, ఊరికే "ఆ..." అని. అప్పుడే బాగుచేసి పక్కన పెట్టిన సెట్టు అది, సినిమా పాటకు పాసైన సెట్టు. దాంట్లో ఆ తంబూర నీళ్ళలో నీడలా ఊగుతోంది. నాకు చేతులు చల్లబడ్డాయి. మళ్ళీ విప్పి చూస్తే పించ్ రోలర్ (టేపును నొక్కి లాగే రబ్బరు చక్రం) మీద ఒకచోట గట్టిపడిన మచ్చ. ఇన్నాళ్ళూ నేను బాగుచేసి పంపిన డబ్బాల్లో ఎన్ని ఇట్లా ఊగుతున్నాయో అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ కాసెట్టే నా కొలబద్ద. తంబూర ముందు ఏ బెల్టూ దాక్కోలేదు. మోటారు వెనక చిన్న బెజ్జం ఉంటుంది, అందులో సన్న స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వేగం మారుతుంది. అయితే ఎంత తిప్పాలో తెలియాలి కదా. రామగిరి వైపు భజన మండలి వాళ్ళ కరెంటు శ్రుతిపెట్టె ఒకటి నా దగ్గరికి రిపేరుకొచ్చింది. దాన్ని పక్కన మోగించి, కాసెట్‌లో తంబూరతో కలిసేదాకా తిప్పాను. నూటికి ఆరు వంతులు వేగం పెరిగితే శ్రుతి అర మెట్టు పైకి పోతుందని అప్పుడే తెలిసింది. ఆ శ్రుతిపెట్టె నెలరోజులు నా దగ్గరే ఉంది. రిపేరు పది నిమిషాల పని. వాళ్ళకు మాత్రం సామాను దొరకలేదని చెప్పాను (ఇప్పుడు ఒప్పుకుంటున్నాను).

నవ్వుకోకండి, ఆ కాసెట్ మొదటి నిమిషం నేను కొన్ని వేలసార్లు విన్నాను. రెండో నిమిషం వినే తీరిక ఎప్పుడూ లేదు. 2009లో టేపు పని పూర్తిగా పడిపోయింది. ఒక మధ్యాహ్నం షాపులో ఈగలు తోలుకుంటూ ఆపకుండా వదిలేశాను. ఆలాపన అయ్యాక పాట మొదలైంది: "నగుమోము గనలేని నా జాలి తెలిసి..." పంతొమ్మిదేళ్ళు వాకిట్లోనే నిలబడి, ఇంట్లోకి పోలేదు నేను. పాట అయిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు. పక్క షాపు తమ్ముడు చాయ్ తెచ్చిపెట్టి, నన్ను చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

సరే, ఇక అడగదలచుకున్నది. నా దగ్గర ఒక పెట్టె ఉంది. 43 కాసెట్లు. ఒక ఆఫీసరుగారు టూ ఇన్ వన్‌తో పాటు ఇచ్చి, "వీటితోనే టెస్టు చెయ్" అని పోయాడు. తర్వాత బదిలీ అయిందట. చీటీ మీద ఉన్నది అయిదంకెల ల్యాండ్‌లైను, ఇప్పుడు ఆ నంబరే లేదు. చాలా ఏళ్ళు ముట్టుకోలేదు. ఇక రారని నిర్ణయించుకుని ఒక్కొక్కటే వింటున్నాను. అన్నిటి మీదా నీలం సిరాతో చక్కటి చేతిరాత. ఎమ్మెస్ సుబ్బలక్ష్మి పాట, ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు, చిన్న మౌలానా నాదస్వరం, ఈమని వీణ. ఎమ్మెస్ కాసెట్ అయితే తంబూర వినిపించడానికే చేశారేమో అన్నట్టు ఉంది. ద్వారం వారి ఫిడేలు బాగా పాతది, పేలాలు వేగినట్టు చిటపట. అయినా ఆ చప్పుడు వెనక తీగ మాత్రం ఎక్కడా వణకదు.

ఒక కాసెట్ మీద మాత్రం ప్రశ్నార్థకం గుర్తు. అంతే, ఇంకేమీ లేదు. అంటే ఆ సారుకూ తెలియలేదన్నమాట. అందులో రెండో వైపు చివర మూడు నిమిషాల పాట. చిటపట ఎక్కువ. సన్నటి గొంతు, ఆడమనిషో మగమనిషో తేల్చుకోలేకపోయాను. "రామ నీ సమానమెవరు" అని మాత్రం తెలుస్తుంది. మా అమ్మాయి రెండేళ్ళు పాట నేర్చుకుంది. విని, "ఇది త్యాగరాజ కృతి నాన్నా, ఖరహరప్రియ. కానీ ఈ పాడే మనిషికి తెలుగు రాదు" అంది. ఎక్కించిన మిషను నెమ్మదిగా నడిచి ఉంటుంది, అందుకే ఇప్పుడు వేగంగా వినిపిస్తోందని నా లెక్క. మోటారు స్క్రూ తిప్పి వేగం తగ్గించాను. ఇప్పుడు మగగొంతులా ఉంది గానీ నిద్రమత్తులో పాడినట్టుంది. ఆ గొంతు ఎవరిదో ఎవరికైనా తెలుసా?

రెండోది, రాగం, తాళం తెలియని నాలాంటి వాడికి, తంబూర నిలకడగా వినిపించేవి, నిదానంగా సాగేవి ఏమేం ఉన్నాయో చెప్పండి. మీకు ఎందుకు ఇష్టమో కూడా రాయండి. ఉత్త పేర్ల జాబితా అయితే నెట్‌లోనే దొరుకుతుంది.

వనపర్తి వీణ

మెకానిక్‌గారూ, మీ పోస్టు మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. శ్రుతిపెట్టె సంగతి దగ్గర మా అత్తయ్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ శ్రుతిపెట్టె కూడా ఒకసారి రిపేరుకిచ్చి రెండు నెలలు తిరిగారు!

గొంతు ఎవరిదో నాకు తెలియదు. రెండో ప్రశ్నకు చెప్తాను. మీకు నిదానం కావాలంటే బృంద, ముక్త పాడిన క్షేత్రయ్య పదాలు వినండి. వీణ ధనమ్మాళ్ మనవరాళ్ళు వాళ్ళు. మద్రాసులో ఉండి తెలుగు పదాలను తరాలుగా పాడుతూ కాపాడిన ఇల్లు అది. చౌక కాలంలో, అంటే బాగా నిదానమైన నడకలో సాగుతుంది. ఒక మాట దగ్గర ఆగి, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూపించి, అప్పుడు గానీ తర్వాతి మాటకు పోరు. మొదటిసారి విన్నప్పుడు నాకు విసుగొచ్చింది, నిజం చెప్తున్నాను. ఇరవై ఏళ్ళ వయసులో ఆ పదాల్లో నాయిక ఎందుకు అంత తీరిగ్గా దెప్పుతుందో తెలియదు. నలభై దాటాక తెలిసింది.

వీణలో ఈమని శంకరశాస్త్రిగారిది మీ పెట్టెలోనే ఉందంటున్నారు. ఆ కాసెట్‌లో ఒకటి గమనించండి. తీగను ఒకసారి మీటి, ఆ నాదం చచ్చిపోయేలోపల ఎడమచేత్తో లాగి ఎన్ని స్వరాలు పలికిస్తారో లెక్కపెట్టండి. వీణ పాడినట్టు ఉంటుందని ఆయన గురించి ఊరికే అనలేదు. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు వీణ మీద కోయిలను కూయించారు. "కొమ్మలో కోయిల" అని అడిగితే పాత శ్రోతలు ఎవరైనా చెప్తారు. పిల్లలకు నేను ముందు అదే వినిపిస్తాను, తర్వాత మెల్లగా గురువుగారి దగ్గరికి తీసుకుపోతాను.

ఎమ్మెస్ గురించి మీరన్నది నిజం. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల మొదట అయిదు ఎల్‌పీలుగా వచ్చింది. అన్నమయ్య పాటలు ఆమె గొంతులో ఇల్లిల్లూ చేరింది వాటితోనే. "నానాటి బదుకు"కు స్వరం కట్టింది నేదునూరి కృష్ణమూర్తిగారు, రేవతి రాగం. ఆ పాట నేదునూరివారి గొంతులో కూడా వినండి. ఆమె పాడితే ప్రార్థన అనిపిస్తుంది. ఆయన పాడితే పొలం గట్టు మీద కూర్చుని తన బతుకు తనే లెక్కచూసుకుంటున్న మనిషి కనిపిస్తాడు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. ఇక్కడ కొట్లాటకు వచ్చేవాళ్ళు రావచ్చు.

క్లాక్‌టవర్ మెకానిక్, నల్లగొండ

అమ్మా, మీ అత్తయ్యగారికి నా తరఫున క్షమాపణలు చెప్పండి. ఆ రిపేరు షాపు నాది కాదు గానీ కులం ఒకటే కదా, మెకానిక్ కులం.

ఈమనివారి కాసెట్ ఇప్పుడే పెట్టాను. ఒక మీటుకు ఏడు లెక్కపెట్టాను, ఎనిమిదోది ఉందో లేదో తేలలేదు. దుకాణంలోకి మిక్సీ జారు పట్టుకుని ఒకామె వచ్చింది, లెక్క పోయింది.

నారాయణపేట మగ్గం

అన్నా, ముందు ఆ మోటారు స్క్రూ వెనక్కి తిప్పు! ఎక్కించిన మిషను తప్పు కాదు. ఆయన గొంతే అంత.

ఆయన ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్. అనుమానమే లేదు. హిందుస్తానీలో కిరానా ఘరానాకు (ఘరానా అంటే ఒక పాట సంప్రదాయం) పెద్దాయన. మైసూరు దర్బారుకు వచ్చిపోతుండేవాడు, మన కర్ణాటక సంగీతం మీద మక్కువ పడి "రామ నీ సమానమెవరు" నేర్చుకుని రికార్డు ఇచ్చాడు. మీ అమ్మాయి చెవి గట్టిది. తెలుగు రాని గొంతే అది. కానీ అన్నా, అర్థం తెలియకుండానే "రామ" అన్న దగ్గర ఆయన నిలబడే తీరు చూడు. ఖరహరప్రియ వాళ్ళ కాఫీ రాగానికి దగ్గరిది, అందుకే ఆయనకు ఆ ఇల్లు కొత్తగా అనిపించి ఉండదు. అప్పటి 78 రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. గంటసేపు పాడే మనిషి ఆ మూడు నిమిషాల్లో అంతా సర్దాలి. నీ పాట సరిగ్గా మూడు నిమిషాలు ఉందంటే కారణం అదే.

నాకెట్లా తెలుసంటే, మాది నారాయణపేట. ఇంట్లో తెలుగు, మగ్గం దగ్గర కన్నడం, మా నాయనమ్మ పుట్టింటివైపు మరాఠీ. రాత్రిపూట మా రేడియోకు హైదరాబాద్ కంటే ధార్వాడ స్టేషనే బాగా తగిలేది. చీర అంచు నేస్తూ మా నాయన మల్లికార్జున మన్సూర్‌ను వినేవాడు. మన్సూర్ కిరానా కాదు, జైపుర్ అత్రౌలీ. రాగాన్ని మెలితిప్పి మెలితిప్పి, ఇక ఊపిరి అందదేమో అనుకునేటప్పటికి సమ్ మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద వచ్చి వాలుతాడు. మగ్గం కొట్టే చప్పుడుకీ దానికీ ఎప్పుడూ కుదరదు. మా నాయన ఆ పది నిమిషాలు నాడె వెయ్యకుండా కూర్చునేవాడు. అమ్మ తిట్టేది.

నీకు తంబూర కావాలన్నావు కాబట్టి చెప్తున్నా, కిరానా వాళ్ళకు స్వరమే ప్రాణం. అబ్దుల్ కరీం ఖాన్ చివరికి స్థిరపడింది మిరజ్‌లో. తంబూరలు తయారుచేసే ఊరు అది. పెద్ద పెద్ద ఎండిన సొరబుర్రలతో ఇప్పటికీ అక్కడ తంబూరలు చేస్తారు. ఆయన సమాధి కూడా అక్కడి దర్గాలోనే. పోయింది మాత్రం మన దక్షిణాదిలోనే, 1937లో. మద్రాసు నుంచి పాండిచ్చేరికి రైల్లో పోతుంటే ఒంట్లో బాగాలేక సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్లో దిగాడు. ప్లాట్‌ఫారం మీదే కూర్చుని దర్బారీ రాగంలో ప్రార్థన పాడి కన్నుమూశాడు.

ఆయన ఝింఝోటిలో పాడిన "పియా బిన్ నహీ ఆవత్ చైన్" వెతికి విను. గదగ్‌లో ఒక చిన్న పిల్లవాడు ఆ రికార్డు విని, నేనూ ఇట్లా పాడాలని, 1933లో పదకొండేళ్ళకే ఇల్లు విడిచి గురువును వెతుక్కుంటూ పోయాడు. అబ్దుల్ కరీం ఖాన్ శిష్యుడైన సవాయి గంధర్వ దగ్గర తేలాడు చివరికి. ఆ పిల్లవాడే భీమ్‌సేన్ జోషి.

దేవరకొండ పిల్లగాడు (ఇప్పుడు నాంపల్లిలో)

పైన అన్న చెప్పినదానికి జోడీ ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ చిన్నప్పుడు ఇక్కడే పెరిగాడు. ఆయన నాన్న మోతీరామ్‌గారు 1934లో ఇక్కడే పోయారు. బడికని ఇంట్లో చెప్పి బయల్దేరి, దారిలో హోటల్లో మోగే బేగం అఖ్తర్ గజల్ రికార్డు వింటూ కూర్చుండిపోయేవాడట. బడి ఆ తర్వాత ఏమైందో మీరే ఊహించుకోండి. చాయ్ హోటళ్ళను తక్కువ చేయకండి.

ఇంకొకటి, మరో హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిపిందీ, 1968లో కన్నుమూసిందీ బషీర్‌బాగ్‌లోనే. నేను రోజూ ఆ రోడ్డున పోతాను, ట్రాఫిక్ తప్ప ఇంకేమీ వినపడదు. మనవైపు కర్ణాటక గాయకుడు ఓలేటి వెంకటేశ్వర్లుగారికి ఆయన పాటంటే ప్రాణం. ఓలేటివారి ఆలాపన జాగ్రత్తగా వింటే ఖాన్‌సాహెబ్ నీడ అక్కడక్కడ తగులుతుంది. మెకానిక్ సారూ, మీకు ఇది నచ్చుతుంది.

మిర్యాలగూడ వేవ్‌ఫైల్

సార్, ఆ 43 కాసెట్లనూ వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. టేపు మీద పొడి రాలడం మొదలైతే ఆలస్యం చేయకూడదు. లైన్ అవుట్ నుంచే తీయండి, ఇయర్‌ఫోన్ రంధ్రం వద్దు. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో పెడితే నిమిషానికి పది ఎంబీ చొప్పున ఒక సి-60 (అరవై నిమిషాల) కాసెట్‌కు 600 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ ఫైల్‌గా మార్చితే సుమారు సగానికి తగ్గుతుంది, నాణ్యత పోదు. ఎంపీ3 అసలు వద్దు అనను, ఫోన్లో వినడానికి వేరే కాపీ చేసుకోండి. తర్వాత నాయిస్ రిడక్షన్ (చప్పుడు తీసేసే మీట) కొడితే ఆ చిటపట, హిస్ (టేపు బుస) అంతా పోయి శుభ్రంగా వస్తుంది.

ఇక్కడ అందరికీ పెట్టే ముందు ఒక మాట. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అబ్దుల్ కరీం ఖాన్ 78 రికార్డు ఎప్పుడో దాటిపోయింది, నిశ్చింతగా పెట్టండి. బాలాజీ పంచరత్నమాల లాంటివి మాత్రం పెట్టకండి, కొనుక్కోవడానికి దొరుకుతాయి.

క్లాక్‌టవర్ మెకానిక్, నల్లగొండ

తమ్ముడూ, చట్టం సంగతి మంచిగ చెప్పావు. నాయిస్ రిడక్షన్ దగ్గర మాత్రం నీతో కొట్లాడాలి.

మా అబ్బాయి నిన్న రాత్రి అదే చేశాడు. ముందు ఒక రెండు సెకన్ల ఉత్త హిస్ చూపించి, "ఇది చెత్త" అని దానికి చెప్పాలట. తర్వాత అది పాటంతా వెతికి ఆ చెత్త తీసేస్తుంది. చేశాడు. హిస్ పోయింది, నిజమే. తంబూర కూడా పోయింది! ఆగకుండా ఒకే తీరుగా మోగేది ఏదైనా దానికి చెత్తే. మిగిలిన తంబూర ఏమో నీళ్ళలో బుడగలు వేసినట్టు బుళబుళమంటోంది. ముప్పై అయిదేళ్ళుగా నేను దేన్ని నమ్ముకున్నానో దాన్నే ఊడ్చేసింది. హిస్ ఉంటే ఉండనీ. వాన చప్పుడు అనుకుంటే సరి.

అసలు పని టేపు దగ్గరే చేయాలి. స్పిరిట్‌తో హెడ్డు తుడవండి, క్యాప్‌స్టన్ (టేపును నడిపే సన్న కడ్డీ), పించ్ రోలర్ కూడా. ఆ తర్వాత హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. కాసెట్ నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. ఒకచోట దుప్పటి తీసేసినట్టు పాట తేటపడుతుంది, అక్కడ ఆపండి. ఒక్కొక్క కాసెట్ ఒక్కొక్క మిషను మీద ఎక్కించింది కాబట్టి ప్రతిదానికీ మళ్ళీ చూసుకోవాలి. దీనికి రెండు నిమిషాలు పట్టదు. కంప్యూటర్లో ఎన్ని గంటలు కూర్చున్నా ఆ తేట రాదు. కాసెట్ అయిదు స్క్రూల రకం అయితే లోపల ఫెల్టు మెత్త ఊడిందేమో కూడా చూడండి. అతికించిన రకం అయితే జాగ్రత్త, నేను రెండు విరగ్గొట్టాను.

నారాయణపేట అన్నా, ఏమని చెప్పను. స్క్రూ వెనక్కి తిప్పాను. ఆ సన్నటి గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి తప్పులా వినిపించలేదు. మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, "పాడింది పెద్ద ఉస్తాద్ అమ్మా" అని. "నేనేమన్నా తక్కువ చేశానా నాన్నా, తెలుగు రాదన్నాను" అంది. అదీ నిజమే. ఒక్కటి మాత్రం అడగాలి. మూడు నిమిషాల్లో అంతా సర్దాలన్నావు కదా, నాకు మాత్రం ఆయన తొందరపడినట్టే లేదు. అదెట్లా?

నారాయణపేట మగ్గం

తొందరపడితే ఆయన అబ్దుల్ కరీం ఖాన్ ఎందుకవుతాడు అన్నా. చిన్న చీర ముక్క ఇచ్చినా అంచు వేసేవాడు అంచు వేస్తాడు, అంతే. ఇంతకంటే నాకూ తెలియదు.

అలంపురం గట్టు

ఆలస్యంగా వచ్చాను. ఇన్ని మంచి మాటల్లో శ్రీపాద పినాకపాణిగారి పేరు ఎవరూ ఎత్తలేదు! తుంగభద్ర దాటితే కర్నూలు, ఆయన ఊరు. వృత్తికి వైద్యుడు, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు. 1913లో పుట్టి 2013లో, నూరేళ్ళు నిండడానికి కొద్ది నెలల ముందు పోయారు. పైన మీరు మెచ్చుకున్న నేదునూరి, ఓలేటి ఇద్దరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

ఆయన రికార్డింగులు మొదటిసారి వినేవాళ్ళకు గొంతు నచ్చకపోవచ్చు. సభకోసం పాలిష్ పెట్టిన గొంతు కాదు. పాఠం చెప్తున్నట్టు ఉంటుంది. కృతిలో సంగతి (ఒకే వరుసను కొంచెం మార్చి పాడేది) ఒకటి పాడి, దానికి ముందుది ఎక్కడినుంచి వచ్చిందో తెలిసేటట్టు రెండోది పాడతారు. మెకానిక్‌గారికి నచ్చుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఆయన కూడా విప్పి చూపిస్తారు. స్వరపరిచిన కృతులతో "సంగీత సౌరభము" అని నాలుగు సంపుటాలు రాశారు, టీటీడీ వేసింది. పుస్తకం ముందు పెట్టుకుని వింటే మరీ మంచిది. రాగం తెలియనివాళ్ళు ఊరికే విన్నా నష్టం లేదు.

ఎమ్మెస్, నేదునూరి పోలికలో వనపర్తి మేడంతో నేను ఏకీభవించను. "నానాటి బదుకు" ఎమ్మెస్‌దే. దానికి వేరే దారం (థ్రెడ్) తెరవండి, అక్కడ చూసుకుందాం.

వనపర్తి వీణ

తెరుస్తాను సార్, ఆదివారం. తయారుగా ఉండండి.

క్లాక్‌టవర్ మెకానిక్, నల్లగొండ

పినాకపాణిగారిది ఒకటి నెట్‌లో దొరికింది, విన్నాను. నిజమే, కవరు తీసిన మిషను లాంటి పాట. ఏ పళ్ళచక్రం దేన్ని తిప్పుతుందో కనిపిస్తోంది. మళ్ళీ వింటాను.

బృంద, ముక్తలది రెండు పదాలు విన్నాను. మొదటి పదానికి విసుగొచ్చింది (నాకు యాభై ఎనిమిది, మరి నలభై లెక్క ఏమైందమ్మా?). రెండోదానికి షాపు లైటు ఆర్పేసి విన్నాను, అప్పుడు కొంచెం దారి దొరికింది.

ప్రశ్నార్థకం కాసెట్ అట్ట మీద నేనేమీ కొట్టెయ్యలేదు. ఆ సారు రాసిన గుర్తు కింద నీలం సిరాతోనే "అబ్దుల్ కరీం ఖాన్, ఖరహరప్రియ" అని రాయించాను, మా అమ్మాయి చేత. నా రాత కోడి గీసినట్టుంటుంది. ఆ పాట ఈ రాత్రి మా అబ్బాయి ఇక్కడ పెడతాడు, హిస్‌తో సహా.

నల్లగొండ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా చిక్కుకుపోయిన, తెగిన కాసెట్లు ఉంటే తీసుకురండి. టేపు అతికిస్తాను, మజూరీ వద్దు. ఎక్కించుకోవడానికి ఒక కాపీ నాకు ఇస్తే చాలు. శుక్రవారం షాపు బందు.

ఇంకొకటి మిగిలింది. పదిహేడో నంబరు కాసెట్, రెండో వైపు. నాదస్వరం. చిన్న మౌలానాగారిది వేరే కాసెట్‌లో ఉంది కాబట్టి పక్కపక్కన పెట్టి విన్నాను, ఊదే తీరు వేరుగా ఉంది. ముందూ వెనకా రేడియో ఆమె మాట ఒక్కటీ లేదు, మధ్యలో ఎక్కడో కోడి కూత వినిపిస్తుంది. మొదటి నిమిషం దీనితో పాటే పెట్టిస్తాను. ఎవరిదో చెప్పండి.